రెండున్నర కిలోల తరుగు

పెట్టె మీది స్టిక్కర్ ఇరవై నాలుగు కిలోల ఆరు వందల గ్రాములు అంటోంది. కాటా ఇరవై రెండు కిలోల వంద గ్రాముల దగ్గర ఆగిపోయింది.

హెబ్రోను పెట్టెను కిందికి దించాడు. ఖాళీ కాటా సున్నా చూపిస్తోందని చూసుకుని మళ్లీ ఎత్తి పెట్టాడు. అదే అంకె.

"ఇంకొకటి ఇవ్వన్నా," అన్నాడు.

ఐస్ ఫ్యాక్టరీ మనిషి రెండో పెట్టె తెచ్చాడు. ఇరవై రెండు కిలోల నూట యాభై. మూడోది ఇరవై రెండు కిలోల యాభై. స్టిక్కర్లన్నింటి మీదా ఒకటే బరువు.

టైము తొమ్మిదీ ఇరవై. చిల్లకూరు దగ్గర హైవే పక్కనున్న ఆ ఐస్ ఫ్యాక్టరీ చల్లగదిలో అలాంటి థర్మకోల్ పెట్టెలు నలభై ఉన్నాయి. అన్నీ వంజరం చేపలు. సోమవారం మధ్యాహ్నం మైపాడు ప్యాకింగ్ షెడ్డు నుంచి చెన్నై విమానాశ్రయానికి బయలుదేరాయి. రాత్రి పదింబావు విమానంలో సింగపూర్ వెళ్లాలి. సూళ్లూరుపేటలో డ్రైవర్ బండి వెనక తలుపు తీసేసరికి పెట్టెల మధ్య పెంచల్ అనే పనివాడు చచ్చిపడి ఉన్నాడు. పోలీసులు సరుకును ఇక్కడ భద్రపరిచారు. బండి బయట ఆవరణలో ఉంది.

ఈ రోజు గురువారం. డ్రైవర్ మాలకొండయ్యను నిన్న సాయంత్రం అరెస్టు చేశారు. ఈ రోజు నాలుగింటికి హత్య కేసులో కోర్టు ముందు నిలబెడతారు.

హెబ్రోనును ఈ పనికి పెట్టింది చనిపోయిన పెంచల్ భార్య పోలేరమ్మ. నిన్న రాత్రి ఎనిమిదింటికి నెల్లూరులో అతని డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా ఆయన్ని మాలకొండయ్య చంపలా సార్," అంది. "వాడే చంపినాడని రాసేసినారంటే అసలు ఏం జరిగిందో ఇంకెవురూ ఎతకరు. వాణ్ణి బయటికి తెప్పించండి. నాకదొక్కటే."

హెబ్రోను ఆమె ఇచ్చిన ఫోటో చూశాడు. నలభై ఏళ్ల మనిషి, పెళ్లి బట్టల్లో, ఎవరో నవ్వమన్నట్టు నవ్వుతున్నాడు. ఎక్కడో చూసిన ముఖంలా అనిపించింది. ఎక్కడో గుర్తు రాలేదు.

"ఏందబ్బా హెబ్రోనూ, చేపలు బేరం చేస్తున్నావా?"

చల్లగది గుమ్మంలో కిషోర్ బాబు నిలబడి ఉన్నాడు. పోలీసు ఉద్యోగం వదిలేసి చెన్నైలో డిటెక్టివ్ ఏజెన్సీ పెట్టుకున్న మనిషి. ఎగుమతి కంపెనీ తరఫున వచ్చాడు. మాలకొండయ్య మీద ఫిర్యాదు రాయించింది అతనే.

"బరువు చూస్తున్నానన్నా," అన్నాడు హెబ్రోను.

"చేపల బరువు ఎంతైతే ఏం తమ్ముడూ. చచ్చింది మనిషి. నువ్వేమో ఫుడ్ టెక్నాలజీ చదువుకున్నావు, నీకు అన్నిట్లో తిండే కనపడుతుంది." కిషోర్ బాబు జేబులోంచి మడిచిన కాగితం తీశాడు. "నేను చూసింది నువ్వూ చూడు. బండి లోపల గోడకి ఉష్ణోగ్రత రికార్డర్ ఉంది. రెండు నిమిషాలకోసారి రాసుకుంటుంది. పన్నెండూ నలభైకి బండి షెడ్డు దాటింది. లోపల రెండు డిగ్రీలు. పన్నెండూ యాభై రెండుకి ఒక్కసారిగా తొమ్మిది డిగ్రీలు. అంటే?"

"తలుపు తీసినారు."

"యాడ? షెడ్డుకి నాలుగు కిలోమీటర్లలో, రొయ్యల గుంటల మలుపులో. ఒక్క ఇల్లు లేదు, ఒక్క కెమెరా లేదు. అక్కడ పెంచల్‌ని వెనక ఎక్కించి బయట గొళ్లెం పెట్టి తాళం వేసినాడు. ఎందుకు? సరుకు దించేయడానికి. వేట నిషేధం అయిపోయి ఇది మొదటి వారం. మొదటి వంజరం. దానికి ఎంత గిరాకీ ఉంటుందో నీకు నేను చెప్పాలా?"

"పెట్టెలు నలభై బయల్దేరినాయి. నలభై ఉన్నాయి."

"దించేలోపల ఇద్దరికీ చెడింది. పోయిన వారం ఇద్దరూ టీ అంగడి దగ్గర కొట్టుకున్నారు. పడవ ఇంజను నెల్లూరుకి రిపేరుకి తీసకపోతానని చెప్పి మాలకొండయ్య మర్చిపోయినాడంట. పెంచల్ తమ్ముడికి మొదటి రోజు వేట పోయింది. చూసినోళ్లు నలుగురున్నారు."

"ఇంజను కోసం మనిషిని చంపుతారా అన్నా?"

"అంతకంటే తక్కువకి చంపినోళ్లని నేను ముప్పై మందిని పట్టుకున్నా."

హెబ్రోను కాగితాన్ని వెలుతురులోకి పట్టుకున్నాడు. పన్నెండూ యాభై ఆరుకు మూడు డిగ్రీలు. ఒకటిన్నరకు సున్నా. రెండు గంటలకు మైనస్ మూడు. మూడుంబావుకు ఎనిమిది, అంటే అప్పుడు సూళ్లూరుపేటలో తలుపు తెరిచారు.

"ఏసీ రెండు డిగ్రీల దగ్గర పెట్టినారు. మైనస్ మూడు ఎట్టా వచ్చింది?"

"పాత మిషన్."

"పాత మిషన్ చల్లదనం తక్కువ ఇస్తుంది. ఎక్కువ ఇవ్వదు."

హెబ్రోను మొదటి పెట్టె టేపు కోసి మూత తీశాడు. పైవరస చేపల వీపుల మీద అరచేతి వెడల్పున తెల్లటి మచ్చలున్నాయి. అక్కడ చర్మం ఎండి కాగితంలా లేచింది. చేప కింద చెయ్యి పెట్టి అడుగువరస చూశాడు. అవి నిగనిగలాడుతూ మామూలుగానే ఉన్నాయి. పైన ఏదో కాల్చినట్టుంది, నిప్పుతో కాదు.

"అన్నా, ఇందులో ఐస్ ఏది?"

"మూడు రోజులైంది. కరిగిపోయి ఉంటుంది."

"కరిగితే నీళ్లేవి?"

పెట్టెను ఒక మూలకు వంచాడు. అడుగున పరిచిన పీల్చుడు కాగితం పొడిగా ఉంది. విమానంలో పంపే పెట్టెలోంచి ఒక్క బొట్టు కారకూడదు. అందుకని ఈ షెడ్లలో మామూలు ఐస్ వాడరు, గడ్డకట్టించిన జెల్ ప్యాకులు పేరుస్తారు. జెల్ మెత్తబడ్డా సంచి అక్కడే ఉంటుంది. ఈ పెట్టెలో ఒక్క సంచీ లేదు. మిగతా రెండు పెట్టెలూ విప్పాడు. వాటిలోనూ లేవు.

"రెండున్నర కిలోల బరువు పోయింది. తడి లేదు, సంచి లేదు," అన్నాడు. "డ్రై ఐస్ వేసినారు. గడ్డకట్టించిన కార్బన్ డయాక్సైడ్. ఇది కరిగి నీళ్లు కాదు, నేరుగా ఆవిరైపోతుంది. చేపకి నేరుగా తగిలితే ఇట్టా కాలుస్తుంది. నలభై పెట్టెల్లో వంద కిలోలు. మూసిన బండిలో ఆ ఆవిరి నిండితే మనిషికి మొదట తలనొప్పి, తర్వాత మత్తు. తలుపు తట్టాలని కూడా తోచదు. పోస్టుమార్టంలో దెబ్బ లేదు, ఊపిరాడక పోయినాడు అని రాసింది ఇందుకే."

కిషోర్ బాబు వంగి ఒక తెల్లమచ్చను గోటితో గీరి చూశాడు. ఆ మనిషి తెలివితక్కువవాడు కాదు.

"అయితే ఇంకా మంచిది," అన్నాడు నెమ్మదిగా. "ఊపిరాడని గదిలోకి ఎక్కించి తాళం వేసినాడు. చంపడం కాదా అది?"

"మాలకొండయ్యకి తెలిసుంటే."

"తెలీదని నువ్వు చూపించు. నాలుగింటిలోపల." కిషోర్ బాబు తిరిగాడు. రెండడుగులు వేసి ఆగాడు. "కంపెనీ నాకు చెప్పిన పని ఒకటే. తప్పు కంపెనీది కాదని తేల్చడం. నీ మీద నాకేం కోపం లేదు తమ్ముడూ."

పది నిమిషాల తర్వాత హెబ్రోను కారు నెల్లూరు వైపు వెళుతోంది.

*

మైపాడు షెడ్డుకు చేరేసరికి పదీ యాభై ఐదు. మేనేజరు సుశీల్ కుమార్ జెట్టీ దగ్గరికి వెళ్లాడని, పావుగంటలో వస్తాడని చెప్పారు. క్వాలిటీ సూపర్‌వైజర్ కెజియా అద్దాల గదిలో ఉంది. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి. తల మీద తెల్ల టోపీ, మెడలో గుర్తింపు కార్డు. అద్దం అవతల చేపలు కడిగే బల్ల దగ్గర ఆమె తల్లి రెబెక్కమ్మ చేతులకు రబ్బరు తొడుగులతో నిలబడి వీళ్లనే చూస్తోంది.

"సోమవారం పెట్టెలు ఎవరు సర్దినారు?"

"నేను దగ్గరుండి సర్దించినాను సార్."

"ఎన్ని గంటలకి?"

"పదకొండున్నర నుంచి పన్నెండుంబావు వరకు."

"పెట్టెకి ఎన్ని జెల్ ప్యాకులు వేసినారు?"

"మామూలుగానే సార్. పైన నాలుగు, కింద రెండు."

"కెజియా గారూ, నేను పొద్దున మూడు పెట్టెలు విప్పి చూసి వస్తున్నా."

ఆమె చేతిలోని పెన్ను మూత పెట్టింది, తీసింది, మళ్లీ పెట్టింది.

"ఆదివారం రాత్రి మూడింటి నుంచి కరెంటు లేదు," అంది చివరికి. "జనరేటర్ అందుకోలా. ఎనిమిదింటికి చూస్తే జెల్ ప్యాకులన్నీ దిండ్లలాగా మెత్తగా ఉన్నాయి. మళ్లీ గట్టిపడాలంటే పద్దెనిమిది గంటలు పడుతుంది. విమానం ఆ రాత్రికే. మేనేజర్ సార్‌కి ఫోన్ చేస్తే, రెండు నెలల తర్వాత మొదటి సరుకు, ఏదో ఒకటి చెయ్యమ్మా అన్నారు. ఫ్రోజెన్ రొయ్యల కోసం తెప్పించిన డ్రై ఐస్ ఉంది. పేపర్లో చుట్టి పెట్టెకి రెండున్నర కిలోలు వేసినాను. పేపరు పలచనైంది, చేప కాలుతుందేమో అని భయపడినాను కూడా."

"డ్రై ఐస్ వేస్తే పెట్టె మీద దాని లేబుల్ వేయాలి. బరువు రాయాలి. ఎయిర్‌లైన్‌కి ముందే చెప్పాలి."

"ఒక రోజు ముందు చెప్పాలి సార్. అప్పుడు చెప్తే ఆ విమానానికి తీసుకోరు. అందుకని లేబుల్ వేయలా." ఆమె గొంతు తగ్గింది. "అది తప్పే. తెలిసే చేసినాను."

"మాలకొండయ్యకి చెప్పినారా?"

"ఆయన భోజనానికి ఇంటికి పోయుండె. పెట్టెలు మూసి టేపు వేసినాక వచ్చినాడు. పెంచల్ అన్న కూడా మూసిన పెట్టెలే ఎక్కించినాడు. డ్రై ఐస్ వేసినానని తెలిసింది నాకూ, సర్దిన ఇద్దరికీ అంతే. అయినా సార్, నేను ఆలోచించకుండా చేయలా. లోడు ఎక్కించినంతసేపూ రెండు తలుపులూ తెరిపించే ఉంచినాను, లోపల ఎవరినీ ఎక్కువసేపు నిలబడనియ్యలా. దారిలో లోపల మనుషులు ఉండరు కదా అనుకున్నా."

"పెంచల్ లోపలే కదమ్మా ఉండింది."

"మధ్యలో ఎక్కినాడని పోలీసులు చెప్పినారు. ఎందుకు ఎక్కినాడో నాకు ఇప్పటికీ అర్థం కావడంలా సార్. గేటు దాటేటప్పుడు ముందు సీట్లో మాలకొండయ్య అన్న పక్కనే ఉన్నాడు. నేను చూసినాను. నాకు చెయ్యి కూడా ఊపినాడు. చూసినాకే కదా సంతకం పెట్టినాను."

"ఏం సంతకం?"

ఆమె ఒక ఫైలు తీసి తెరిచింది. రోజుకో కాగితం. బండి నంబరు, పెట్టెల సంఖ్య, బయలుదేరిన సమయం. చివర ఒక వాక్యం అచ్చు వేసి ఉంది: సరుకు గదిలో మనుషులెవరూ లేరని నేను స్వయంగా చూసి ధ్రువీకరిస్తున్నాను. కింద కెజియా సంతకం.

హెబ్రోను ఆ వాక్యాన్ని రెండుసార్లు చదివాడు. అది ఎవరి భాషో అతనికి తెలుసు.

అప్పుడే సుశీల్ కుమార్ లోపలికి వచ్చాడు. యాభై ఏళ్ల మనిషి, చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయి ఉంది. హెబ్రోనును చూసి ఆగిపోయాడు.

"మీరా సార్," అన్నాడు. "మీరు వస్తారని అనుకోలా."

"పెంచల్ రోజూ వెనకే కూర్చుని పోతాడు కదా?"

సుశీల్ కుమార్ కెజియా వైపు చూశాడు.

"ఆమె ముందరే చెప్పండి," అన్నాడు హెబ్రోను.

"కార్గో కౌంటర్ దగ్గర పెట్టె మూల విరిగుంటే తీసుకోరు సార్. మైపాడు రోడ్డు మీకు తెలుసు. తాళ్లు కట్టి చూసినాం, తాళ్లకే పెట్టె నొక్కుకుపోతుంది. మనిషి కూర్చుని భుజం ఆనిస్తే ఒక్క పెట్టె కూడా కదలదు. మూడేళ్లుగా పెంచలే కూర్చుంటున్నాడు. బొంత కప్పుకుంటాడు. ఒక్కరోజు జలుబు కూడా చేయలా."

"మరి షెడ్డులోనే ఎక్కించకుండా మలుపులో ఎందుకు ఎక్కించినారు?"

"మీ వల్లే కదా సార్."

ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. సుశీల్ కుమార్ బీరువాలోంచి పాత కవరు తీసి బల్ల మీద పెట్టాడు. పోయిన సెప్టెంబరు నాటి రిపోర్టు. అప్పుడు ఒక సరుకు పాడైందని కంపెనీ బీమా అడిగితే, బీమావాళ్ల తరఫున విచారించడానికి వచ్చింది హెబ్రోనే. పేజీ నాలుగులో ఎర్ర గీత కొట్టిన రెండు వాక్యాలున్నాయి. సరుకు గదిలో మనిషి ప్రయాణించడం ప్రమాదకరం, ఇకపై అలా జరిగినట్టు తేలితే బీమా వర్తించరాదు. బయలుదేరే ముందు సూపర్‌వైజర్ స్వయంగా చూసి సంతకం చేయాలి.

"అప్పటి సూపర్‌వైజర్ తర్వాత ఈ అమ్మాయి వచ్చింది," అన్నాడు సుశీల్ కుమార్. "అబద్ధం సంతకం పెట్టమంటే పెట్టే రకం కాదు. అందుకని ఈ పిల్లకి తెలీకుండా మలుపులో ఎక్కమని పెంచల్‌కి నేనే చెప్పినాను. మాలకొండయ్య ముందు ఒప్పుకోలా. ఉద్యోగం పోతుందని బెదిరించినాను. ఆ భయానికే పోలీసుల ముందు కూడా నోరు తెరిచుండడు."

హెబ్రోను రిపోర్టు తిరగేశాడు. తను తీసిన ఫోటో ఒకటి చివరి పేజీకి అంటించి ఉంది. తెరిచిన బండి, పేర్చిన పెట్టెలు, వాటికి భుజం ఆనించి బొంత కప్పుకున్న ఒక మనిషి. వెలుతురు కళ్లలో పడి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

"ఇతనేనా?"

"పెంచలే సార్. ఆ రోజు మీరు, ఇట్టా కూర్చోకూడదయ్యా, దిగు అన్నారు. దిగినాడు కూడా."

ఆ రోజు హెబ్రోను అంతే మాట్లాడాడు. పేరు అడగలేదు. ఎందుకు కూర్చున్నావని అడగలేదు. అడిగి ఉంటే రోడ్డు గురించి చెప్పేవాడు, పెట్టె మూలల గురించి చెప్పేవాడు. ఇంకో దారి ఏదైనా వెతికేవాళ్లు. ప్రమాదకరం అని రాసి, సంతకం పెట్టి, నెల్లూరు వెళ్లి భోజనం చేశాడు. అది మంచి రిపోర్టు అని బీమా ఆఫీసులో మెచ్చుకున్నారు.

కెజియా ఏడవడం లేదు. ఫైల్లోని సోమవారం కాగితాన్ని చూస్తోంది.

"నాకు తెలిసుంటే వేసేదాన్ని కాదు సార్," అంది. "ఒక్కమాట చెప్పుంటే విమానం పోతే పోయిందనుకునేదాన్ని. చెయ్యి ఊపినాడు సార్. తను నన్ను మోసం చేస్తున్నానని ఆయనకి తెలుసు, అయినా చెయ్యి ఊపినాడు."

కెజియా ఫైలు మూసి పక్కకు జరిపింది.

"ఇదంతా నేను చెప్తే మాలకొండయ్య అన్నని వదిలేస్తారా?" అని అడిగింది.

"హత్య కేసు నిలబడదు. కానీ లేబుల్ వేయనిది మీరు. మీ మీద వేరే కేసు వస్తుంది. మీరు ఆలోచించుకోవచ్చు. వకీలుని పెట్టుకోవచ్చు."

"ఆలోచిస్తే నాలుగవుతుంది కదా సార్."

టోపీ తీసి బల్ల మీద పెట్టింది. హెబ్రోను సుశీల్ కుమార్ వైపు చూశాడు.

"వస్తా సార్," అన్నాడు సుశీల్ కుమార్. "ఆ పిల్ల ఒక్కతే చెప్తే నేను ఇంకెట్టా తలెత్తుకుంటాను."

వాళ్లు బయటికి వస్తుంటే రెబెక్కమ్మ తొడుగులు తీసేసి ఎదురొచ్చింది. ముగ్గురి ముఖాలూ చూసింది. ఏమైందని అడగలేదు.

"అన్నం తినిపోమ్మా," అంది కూతురితో. "పోలీస్ స్టేషన్ పని ఎంతసేపో తెలీదు."

హెబ్రోను వాచీ చూశాడు. పన్నెండూ ఐదు. "తినండి," అన్నాడు. "పది నిమిషాలు ఆగుతాను."

*

సూళ్లూరుపేట పోలీస్ స్టేషన్‌కు చేరింది రెండూ ముప్పై ఐదుకు. సి.ఐ. విజయకుమారి కెజియా, సుశీల్ కుమార్, మాలకొండయ్య ముగ్గురి వాంగ్మూలాలూ విడివిడిగా విన్నది. హెబ్రోను తన వాంగ్మూలాన్ని తనే రాసుకున్నాడు. మొదటి పేరాలోనే పోయిన సెప్టెంబరు రిపోర్టు సంగతి పెట్టాడు. మూడు పెట్టెల తూకాలు, రికార్డర్ అంకెలు, మలుపు దగ్గర ఎవరి మాట మీద తలుపు తీశారో వరసగా రాశాడు.

మూడున్నరకు ఆమె కాగితాల మీంచి తల ఎత్తింది.

"హత్య సెక్షన్ తీసేస్తున్నాను," అంది. "మాలకొండయ్యని సాక్షిగా చూపిస్తాను. ఇప్పుడు ఇంటికి పోవచ్చు, పిలిచినప్పుడు రావాలి. ఆ అమ్మాయీ మేనేజరూ ఇక్కడే ఉండాలి. మీ కాగితం మీద సంతకం పెట్టి ఇవ్వండి హెబ్రోను గారూ, కోర్టుకి పంపాలి."

వరండాలో కిషోర్ బాబు కారు తాళాలు తిప్పుతూ నిలబడి ఉన్నాడు.

"గెలిచినావు తమ్ముడూ."

"గెలవడానికి ఏముందన్నా ఇందులో."

"ఒకణ్ణి బయటికి తెచ్చినావు, ఆడపిల్లని లోపల కూర్చోబెట్టినావు. పైగా నీ మీద నువ్వే రాసుకున్నావు. నిన్ను ఇంకే బీమా కంపెనీ పిలవదు, తెలుసా?"

"జరిగింది అదే కదా."

"జరిగినవన్నీ రాయాలా? ఇరవై ఆరేళ్లు పోలీసులో చేసినా. జరిగిందంతా రాసిన కాగితం నేనొక్కటి కూడా చూడలా." కిషోర్ బాబు గొంతులో ఇప్పుడు ఎగతాళి లేదు. "జాగ్రత్త," అని మెట్లు దిగి వెళ్లిపోయాడు.

వరండా చివర బెంచీ మీద పోలేరమ్మ కూర్చుని ఉంది. మాలకొండయ్యను అప్పుడే వదిలారు. చెప్పుల్లేకుండా వచ్చి ఆమెకు కొంచెం దూరంలో నేల మీద కూర్చున్నాడు. ఆమె లేచి కుండలోంచి గ్లాసుతో నీళ్లు తెచ్చి ఇచ్చింది.

"తాగురా," అంది. "ఇంటికాడ నీ పెళ్లాం అన్నం తినడంలా. పోయి మొకం చూపించు."

మాలకొండయ్య గ్లాసు పట్టుకున్నాడు. తాగలేదు. హెబ్రోను వంగి మాలకొండయ్య భుజం మీద చెయ్యి వేశాడు.

"అయిపోయిందయ్యా. నీ మీద కేసు లేదు."

"సార్, ఒకటి చెప్పలా నేను," అన్నాడు మాలకొండయ్య. తల ఎత్తలేదు. "ఎవురికీ చెప్పలా, పోలీసులకీ చెప్పలా."

"ఏంటది?"

"టోల్ గేటు కాడ బండి నిదానిస్తాం కదా. అప్పుడు నేను నా సీటు వెనక రేకు మీద మూడు దెబ్బలు కొడతాను. ఆయన లోపల్నించి మూడు కొడతాడు. బాగున్నాడని లెక్క. మూడేళ్ల నుంచి అంతే. మొదటి గేటు కాడ కొట్టినా, కొట్టినాడు. రెండో గేటు కాడ కొట్టినా. పలకలా."

పోలేరమ్మ ఇంకా నిలబడే ఉంది.

"మళ్లీ కొట్టినా. పలకలా. నిద్రపోయినాడేమో అనుకున్నా. ఇంజను గొడవ అయినకాడ్నించి నాతో సరిగ్గా మాట్లాడడంలా, కోపంతో పలకలేదేమో అని కూడా అనుకున్నా. తలుపు తీస్తే చల్లదనం పోతుంది, ఆరున్నరకి కౌంటర్ మూసేస్తారు. నా వెనక బండ్లు హారన్ కొడుతుండాయి. పోనిచ్చినా. పోతానే ఉన్నా గానీ మనసు ఒప్పలా. అందుకే సూళ్లూరుపేటలో ఆపినా. టీ కోసం ఆపినానని పోలీసులకి అబద్ధం చెప్పినా." గ్లాసు నేల మీద పెట్టేశాడు. "ఆడనే ఆపుంటే బతికేవాడా సార్?"

హెబ్రోనుకు అంకెలు వాటంతట అవే కళ్ల ముందుకు వచ్చాయి. ఒకటిన్నరకు సున్నా. రెండు గంటలకు మైనస్ మూడు. మొదటి గేటు దగ్గర తట్టగలిగాడు. రెండో గేటుకు స్పృహ తప్పి ఉంటాడు, ప్రాణం పోయి ఉండకపోవచ్చు. తలుపు తీస్తే గాలి తగిలేది. ఆ లెక్క అతనికి తెలుసు. కోర్టులో అడిగినా చెప్పగలడు.

"ఆ మాటకి జవాబు చెప్పబాకండి సార్," అంది పోలేరమ్మ.

ఆమె మాలకొండయ్య వైపు చూడడం లేదు. స్టేషన్ గేటు వైపు, రోడ్డు మీద పోయే లారీల వైపు చూస్తోంది. కాసేపటికి బెంచీ మీద కూర్చుంది. మాలకొండయ్యకు దూరంగా జరగలేదు, దగ్గరికీ రాలేదు.

లోపలి నుంచి సి.ఐ. గొంతు వినపడింది. "హెబ్రోను గారూ, సంతకమైందా?"

చేతిలో వాంగ్మూలం ఉంది. ఆఖరి వాక్యానికీ సంతకానికీ మధ్య మూడు వరసల ఖాళీ. ఇది ఇట్టాగే ఇస్తే మాలకొండయ్య ఇంటికి పోతాడు. పోలేరమ్మ అడిగింది ఆ ఒక్కటే, అది జరిగిపోతుంది. రెండో గేటు సంగతి రాస్తే, నాలుగు కాకముందే అతన్ని మళ్లీ లోపలికి పిలుస్తారు. ఈసారి హత్య అని కాదు. తెలిసీ ఆపలేదని.

పోయిన సెప్టెంబరులో ఒక ప్రశ్న అడగకుండా సంతకం పెట్టాడు.

హెబ్రోను బెంచీకి ఆ చివర కూర్చుని కాగితాన్ని మోకాలి మీద పెట్టుకున్నాడు. పెన్ను మూత తీశాడు. మాలకొండయ్య అతని చేతినే చూస్తున్నాడు.

"రెండో గేటు ఎన్ని గంటలకి దాటినావు?" అని అడిగాడు.

"రెండున్నరకి సార్," అన్నాడు మాలకొండయ్య. మూడు రోజులుగా తనలో తను చెప్పుకుంటున్న టైము అది.

హెబ్రోను ఆ ఖాళీలో రాశాడు.